ఇంజన్ కొనే ముందు నంబరు చదవండి

పోయిన వానాకాలం ఒక పొద్దున్నే, ఇడ్లీలమ్ముకునే ఒకాయన తన మారుతీ వ్యాన్‌ను ఆటోకు తాడు కట్టి లాగించుకుంటూ మా షెడ్డుకు వచ్చాడు. వెనక సీట్లు పీకేసి స్టీలు డబ్బాలు, పొయ్యి, సిలిండరు సర్దుకున్న బండి. రాత్రి రుబ్బిన పిండి ఇంకా లోపలే ఉంది. "ఇంజన్ పోయింది మేస్త్రీ. ఆటోనగర్‌లో ఒకటి చూసిపెట్టా, బయానా కూడా ఇచ్చేశా. రేపటికల్లా దించి ఎక్కించెయ్యండి" అన్నాడు.

ఇంజన్ పోయిందని ఎవరు చెప్పారంటే, తాడు కట్టిన ఆటో డ్రైవరట.

మూడు ప్లగ్గులూ విప్పి కంప్రెషన్ గేజి పెట్టాను. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకే రకంగా పడిపోయాయి, మూడోది నిక్షేపంగా ఉంది. పక్కపక్కవి రెండూ ఒక్కసారే చచ్చాయంటే ఆ రెంటి మధ్య హెడ్ గాస్కెట్ కాలిపోయిందని మొదటి అనుమానం. రేడియేటర్ మూత తీసి సెల్ఫ్ కొట్టమన్నాను. నీళ్లు బుడబుడలాడాయి. హెడ్ విప్పితే గాస్కెట్ రెండు బోర్ల మధ్య నల్లగా తెగిపోయి ఉంది. హెడ్డు లేత్‌కు పంపి ప్లేనింగ్ చేయించి, కొత్త గాస్కెట్ వేసి మూడో రోజుకు పంపించేశాను. బయానా మాత్రం వెనక్కి రాలేదు.

అందుకే, ఇంజన్ ఎక్కడ దొరుకుతుంది అనే ప్రశ్న మొదట అడగొద్దు. నిజంగా మార్చాల్సిందేనా అని తేల్చుకోండి. ఈ బండిలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, రేడియేటర్ ముందు వైపు. మధ్యలో పొడవాటి నీళ్ల పైపులు. ఏ క్లిప్పు దగ్గర కారినా డ్రైవరుకు తెలియదు. సీటు వేడెక్కుతోందని అనుకుంటాడు, అంతే. హెడ్డు అల్యూమినియం కాబట్టి ఒక్కసారి బాగా వేడెక్కితే వంగుతుంది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, ఫీలర్ గేజి దూర్చి చూస్తే 0.05 మిల్లీమీటర్ కంటే ఎక్కువ సందు కనిపించిందా, లేత్ పని ఉంది. అంతవరకే. దానికోసం ఇంజన్ మార్చడమంటే పన్ను నొప్పికి తల తీయించుకోవడమే.

కంప్రెషన్ మూడింట్లోనూ తగ్గితే, ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, బోర్లు అరిగాయి. పెరగకపోతే వాల్వుల సంగతి. సైలెన్సర్‌లో నీలిపొగ, ఆయిల్ మూత తీస్తే గుప్పుమని పొగ తన్నడం, ఇవన్నీ రింగుల కథ చెప్తాయి. సిలిండర్ల మధ్య తేడా కిలో దాటకుండా ఉంటే, బండి ఇంకొన్నాళ్లు నడుస్తుంది, నడవనివ్వండి.

బోర్లు అరిగినా నేను ముందు చెప్పేది ఒకటే. మీ బ్లాక్‌ను మీరు వదులుకోకండి. ఈ ఇంజన్‌ను కంపెనీ వాళ్లు ఎఫ్8బి అంటారు. మూడు సిలిండర్లు, 796 సీసీ, బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72. బోర్ చేయించి 0.25గానీ 0.50గానీ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించుకోవచ్చు. అదీ దాటిపోతే స్లీవ్ కొట్టించుకోవచ్చు. ఖర్చు సెకండ్‌హ్యాండ్ ఇంజన్ కంటే కొంచెం ఎక్కువే అవుతుంది, లేత్ దగ్గర నాలుగు రోజులు కాచుకోవాలి. కానీ బ్లాక్ మీద చెక్కి ఉన్న నంబరు మీ ఆర్సీలో ఉన్నదే. ఎవడికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

బ్లాకే పగిలితే మాత్రం తప్పదు. పూల మార్కెట్‌కు బంతిపూలు తోలే ఒక కుర్రాడి బండి అట్లాగే వచ్చింది. ఆయిల్ లేకుండా నడిపాడు. కనెక్టింగ్ రాడ్ తెగి, బ్లాక్ పక్కగోడను పగలగొట్టుకుని బయటికి చూస్తోంది. ఆ రంధ్రంలో నా బొటనవేలు పట్టింది. "వెల్డింగ్ చేస్తే ఆగదా బాబాయ్?" అని అడిగాడు. ఆగదు. అలాంటప్పుడు ఇక వేట మొదలుపెట్టాలి.

మారుతీ వ్యాన్ 1984లో మొదలైంది, తర్వాత ఓమ్నీ అన్నారు, 2019లో ఆపేశారు. ముప్ఫై అయిదేళ్లు తయారైన బండి కాబట్టి విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి, కానీ ఏటేటా పల్చబడుతున్నాయి. విజయవాడ జవహర్ ఆటోనగర్, విశాఖలో గాజువాక ఆటోనగర్, మద్రాసులో పుదుపేట, ఇవి వెతకాల్సిన చోట్లు. పుదుపేటలో దొరకని ముక్క ఉండదంటారు, నిజమే. కానీ అక్కడ మీకు కావాల్సింది ముక్క ఒక్కటే కాదు, దాని పుట్టుపూర్వోత్తరాలు. అవి అడిగితే చాలా దుకాణాల్లో మొహం తిప్పుకుంటారు.

వెళ్లేటప్పుడు జేబులో మీ ఆర్సీ జిరాక్స్, ఒక టార్చి, పానాల సెట్టు, గేజి ఉండాలి. ఇంజన్ స్టాండు మీద బ్యాటరీ కట్టి నడిపి చూపిస్తామంటే చూడండి, వినండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. చిక్కటి ఆయిల్ పోసి పది నిమిషాలు నడిపిస్తే ఏ ముసలి ఇంజనైనా పడుచుపిల్లలా పాడుతుంది. వేడెక్కిన తర్వాత ఆపి, మళ్లీ స్టార్ట్ చేయించండి. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పి చూడండి. మూడు చోట్ల కంప్రెషన్ చేతికి తగలాలి, ఎక్కడా గరుకు తగలకూడదు. ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటిది కనిపిస్తే నీళ్లు కలిశాయన్నమాట. సంప్ విప్పనిస్తే అడుగున వేలు పెట్టి రుద్దండి. ఇత్తడి రంగు మెరుపు వేలికి అంటిందంటే బేరింగులు అరిగాయి, లేచి వచ్చెయ్యండి. ప్లగ్గు రంధ్రంలోంచి చూసే కెమెరాలు ఇప్పుడు ఫోనుకు తగిలించుకునేవి వచ్చాయి. మా కుర్రాళ్లు తెచ్చినప్పుడు నవ్వాను. ఇప్పుడు అది లేకుండా నేనే వెళ్లను.

మునిగిన ఇంజన్ల సంగతి వేరే చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2015 డిసెంబరులో మద్రాసులో ఇదే జరిగింది. నీళ్లలో ఆగిపోయిన ఇంజన్‌లో ఏ సిలిండరు వాల్వు తెరుచుకుని ఉంటే ఆ బోరులోకి బురద చేరుతుంది. పిస్టన్ ఆగిన చోట బోరు చుట్టూ గాజులా ఒక తుప్పు వలయం పడుతుంది. కెమెరాలో అది స్పష్టంగా కనిపిస్తుంది. బయట రంగు కొట్టి మెరిపించిన ఇంజన్ అంటే నాకు ముందే అనుమానం. ముప్ఫై ఏళ్ల ఇంజన్‌కు రంగెందుకు? సెల్ఫ్ మోటార్ విప్పి, అది కూర్చునే గూట్లో చూడండి, రంగు అక్కడిదాకా పోదు. ఒండ్రు ఉంటే అక్కడే దొరుకుతుంది.

ఇక నంబరు. బేరం మొదలెట్టకముందే బ్లాక్ మీద నంబరు ఉన్న చోట గుడ్డతో తుడిచి చదవండి. ఎఫ్8బి అక్షరాలతో మొదలయ్యే వరస అది. అక్షరాలు ఒకే లోతున, ఒకే వరసలో ఉండాలి. చుట్టూ గ్రైండర్ తిప్పిన గీతలు, ఒక అంకె మాత్రం కొత్తగా మెరవడం, వెల్డింగ్ గడ్డ, అసలు నంబరే లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ధర ఎంత తగ్గించినా ఆ గడప దాటి వచ్చెయ్యాలి. "నంబరు మేం కొట్టిస్తాం అన్నా, మీ ఆర్సీలో ఉన్నదే" అంటారు కొందరు, ఏదో ఉపకారం చేస్తున్నట్టు. అది నేరం. ఒకాయనకు ఒక దుకాణం అట్లాగే చేసి పంపింది, నాకు తెలియకుండా. నా షెడ్డులోనే ఎక్కించాం. రెండేళ్ల తర్వాత ఆర్సీ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వేలితో తడిమి, "ఈ ఏడు అంకె ఎవరు కొట్టారయ్యా?" అన్నాడట. ఆ బండి ఆరు నెలలు ఆఫీసు ఆవరణలోనే ఎండింది. ఎక్కించే ముందు నేనూ చదివి ఉండాల్సింది. అప్పట్నుంచి నంబరు ఫోటో తియ్యకుండా మా షెడ్డులో ఏ ఇంజనూ బండి కిందికి పోదు.

నంబరు బాగుంటే, ఆ ఇంజన్ ఏ బండిదో అడగండి. తుక్కుకు పోయిన బండి ఆర్సీ జిరాక్స్, ఆ ఆర్సీ రద్దయినట్టు కాగితం, దుకాణం పేరుతో ఇంజన్ నంబరు వేసిన బిల్లు, ఈ మూడూ ఉంటే మంచిది. కనీసం బిల్లు, ఆర్సీ నకలు లేకుండా డబ్బు చేతికివ్వొద్దు. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) నడిపే 'వాహన్ సమన్వయ్' సేవలో ఇంజన్ నంబరు కొట్టి, అది దొంగిలించిన బండ్ల జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. పది నిమిషాల పని. దొంగసొత్తని అనుమానించాల్సిన కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ మీ మెడకు చుట్టుకుంటుంది. నాకు తెలియదండీ అంటే, బిల్లేది అంటారు.

కాగితాల పని ఇంతటితో అయిపోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, ఇంజన్ మార్చిన యజమాని 14 రోజుల్లోగా ఆర్టీవో ఆఫీసుకు తెలియజేసి, ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. నా సలహా, ముందే వెళ్లి అనుమతి అడగండి, తర్వాతే బండి దించండి. బండి మీద ఇంకా ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక ఒప్పుదల కావాలి. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా ఇంజన్ నంబరు ఉంటుంది, అది మార్పించకపోతే ప్రమాదం జరిగిన రోజున కంపెనీవాడు ముందు అదే చూస్తాడు. సొంత బండి ఆర్సీకి పదిహేనేళ్లు గడువు, తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. అంటే పాత వ్యాన్ ఉన్నవాళ్లు అయిదేళ్లకొకసారి ఆ ఇన్‌స్పెక్టర్ ఎదుట నిలబడక తప్పదు. కొందరు 'మాది వింటేజ్ బండి, రూలు వేరు' అంటారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటితేనే ఆ హోదా. అంటే మొట్టమొదటి మారుతీ వ్యాన్‌కు కూడా 2034 దాకా రాదు. వచ్చినా ఆ బండిని రోజువారీ పనికి వాడకూడదు. ఇడ్లీలు తోలేవాడికి ఆ బిరుదు ఎందుకూ కొరగాదు.

ఏ ఇంజన్ వెయ్యాలన్న దాంట్లో కూడా ఆశలు ఎక్కువ. మారుతీ ఈకో ఇంజన్ వేసెయ్యమని నెలకొకడు అడుగుతాడు. ఈకో దాదాపు 1200 సీసీ, నాలుగు సిలిండర్లు. బండి బ్రేకులు, ఛాసిస్, ఆర్సీ అన్నీ 796కు లెక్కగట్టినవి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదన్నది 52వ సెక్షన్‌లో మొదటి మాట. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు. మారుతీ 800 ఇంజనూ ఎఫ్8బీయే కదా అంటారు. జాతి ఒకటే, కాపురం వేరు. 800లో ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది, ఓమ్నీలో నిలువుగా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది. సంప్, ఆయిల్ తోడే జాలి, మౌంటింగులు, మానిఫోల్డు, ఇవన్నీ మీ పాత ఇంజన్‌వి తీసి బిగించాల్సి వస్తుంది. అవి మీ దగ్గర బాగుంటేనే ఆ దారి పట్టండి. ఆల్టోది పన్నెండు వాల్వుల ఇంజన్, దాని జోలికి పోవద్దు. కార్బొరేటర్ బండికి కార్బొరేటర్ ఇంజనే చూసుకోండి. ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) ఇంజన్ చవకగా దొరికిందని తెస్తే కంప్యూటరు, వైరింగు, ట్యాంకులో పెట్రోల్ పంపు, సెన్సర్లు అన్నీ కొనుక్కోవాలి. చవక ఇంజన్ అక్కడితో చవక కాదు.

దించే రోజు సంగతి. ఓమ్నీలో ఇంజన్ పైకి రాదు, గేర్‌బాక్స్‌తో కలిసి కిందికి దిగుతుంది. సీటు కింద మూత మనం తొంగిచూడ్డానికే. మొదట బ్యాటరీ నెగటివ్ విప్పండి. తర్వాత ఫోన్‌తో అన్ని వైపులా ఫోటోలు. విప్పిన ప్రతి వైరుకూ, పైపుకూ చిన్న టేపు ముక్క అంటించి ఎక్కడిదో రాయండి. బోల్టులు ఎక్కడివి అక్కడే వేర్వేరు సంచుల్లో. పెట్రోల్ పైపు విప్పి చివర బిగించి బిరడా కొట్టండి, ఆ చుట్టుపక్కల బీడీ వెలిగించిన వాణ్ణి షెడ్డు బయటికి పంపండి. జాకీ బండిని లేపేంతవరకే. కింద మనిషి దూరేటప్పుడు ఇనుప స్టాండ్లు ఉండాలి, ఇటుకలు పనికిరావు. ప్రొపెల్లర్ షాఫ్ట్ లాగిన వెంటనే గేర్‌బాక్స్ తోక నుంచి ఆయిల్ కారుతుంది. ఒక పాలిథీన్ కవరు తొడిగి తాడు కట్టెయ్యండి, లేకపోతే మీ వీపు మీదే పడుతుంది.

ఇంజన్ కింద ఉన్నప్పుడే చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటి దగ్గర పీనాసితనం పనికిరాదు. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, రబ్బరు మౌంటింగులు, నీళ్ల పైపులు. అన్నీ కలిపినా మళ్లీ ఇంజన్ దించే కూలీ అంత ఉండదు. "పాత క్లచ్ ప్లేటు ఇంకా ఉంది కదా" అన్న కస్టమరు నాలుగు నెలలకు తిరిగొచ్చాడు. ఆయనకు కూలీ రెండుసార్లు పడింది, నాకు తిట్లు రెండుసార్లు పడ్డాయి. వాల్వు సందు ఇంజన్ బయట ఉండగానే సరిచూడండి, చల్లగా ఉన్నప్పుడు 0.15 మిల్లీమీటర్ దరిదాపు. సీట్లకింద వంగి చెయ్యడం కంటే నేల మీద సుఖం.

గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు కలిపేటప్పుడు చివరి అంగుళం దగ్గర ఆగిపోతుంది. కుర్రాళ్లు వెంటనే బోల్టులు పెట్టి బిగించి లాగేస్తారు. అలా లాగితే క్లచ్ ప్లేటు మధ్య బుష్ నాశనం, ఒక్కోసారి గేర్‌బాక్స్ మూతికే చీలిక. క్రాంక్ పుల్లీని పానాతో కొద్దిగా తిప్పుతూ చేత్తో నెట్టండి. పళ్లు కలిసినప్పుడు దానంతటదే 'టక్' మని కూర్చుంటుంది. ఆ చప్పుడు వచ్చాకే బోల్టులు.

ఎక్కించాక మర్చిపోయేది ఎప్పుడూ ఒకటే, ఎర్త్ స్ట్రాప్. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకి దానికీ కరెంటు దారి ఆ అల్లిక వైరు ఒక్కటే. నేను హెల్పరుగా ఉన్న రోజుల్లో అది బిగించడం మర్చిపోయి సెల్ఫ్ కొట్టాను. కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంది. కేబుల్ ఎర్రగా కాలి, డ్యాష్‌బోర్డు దగ్గర ప్లాస్టిక్ కరిగి, మా గురువుగారి నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను.

స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, కాయిల్ వైరు పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. ఈ ఇంజన్‌కు పట్టే ఆయిల్ మూడు లీటర్ల లోపే, ఎక్కువ పోస్తే సీళ్ల గుండా బయటికి తన్నుతుంది. ప్లగ్గు వైర్లు 1-3-2 వరసలో. నీళ్లు పోసేటప్పుడు బండి ముందు భాగం ఎత్తులో ఉండాలి, రేడియేటర్ మూత తెరిచే ఉంచి ఇంజన్ తిప్పాలి. పొడవాటి పైపుల్లో గాలి చిక్కుకుంటే నీళ్లు నిండినట్టే కనిపిస్తాయి, హెడ్డు దగ్గర మాత్రం ఉండవు. మొదట చెప్పిన ఇడ్లీ బండి గాస్కెట్ కాలింది సరిగ్గా ఇలాగే. ఎవరో పైపు మార్చి, గాలి తియ్యకుండా పంపించేశారు.

బండి మీద బతికేవాళ్లు మెకానిక్‌తో ముందే తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. కూలీలో ఏమేం కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. లేత్ ఖర్చు, ఆయిల్, కూలెంటు, గాస్కెట్ల సెట్టు ఎవరివి? రెండోది రోజులు. పని రెండు రోజులదే, కానీ ఒక మౌంటింగు రబ్బరు దొరక్క వారం ఆగిన బండ్లు నా షెడ్డులో ఎన్నో ఉన్నాయి. విడిభాగాలన్నీ చేతికొచ్చాకే దించమనండి. ఆ వారానికి కిరాయి బండి మాట్లాడుకోండి. ఇంజన్ ధర ఎంతో, దాని చుట్టూ ఖర్చు దాదాపు అంతే అవుతుందని మొదటే అనుకుని డబ్బు పక్కన పెట్టుకుంటే మధ్యలో చెయ్యి చాచాల్సిన అవసరం రాదు.

మొదటి వెయ్యి కిలోమీటర్లు లోడు తగ్గించి తోలండి, అయిదొందలకు ఒకసారి ఆయిల్ మార్చండి. రోజూ పొద్దున బండి కింద ఒక అట్టముక్క పరిచి చూస్తే ఏ సీలు కారుతోందో అదే చెప్తుంది.

పాత బ్లాక్‌ను తూకానికి వేసేటప్పుడు కూడా బిల్లు రాయించుకోండి, దాని మీద నంబరు ఇంకా మీ పేరుతో ముడిపడి ఉంది. పూలబండి కుర్రాడు అమ్మనన్నాడు. రంధ్రం పడిన బ్లాక్‌ను అలాగే ఇంటికి తీసుకెళ్లాడు. మార్కెట్‌లో తన దుకాణం టార్పాలిన్ గాలికి లేవకుండా మూలన బరువు పెట్టుకున్నాడు. ఆ రంధ్రంలో ఇప్పుడు అగరుబత్తీలు గుచ్చుతున్నాడు.